రెండు తులాలు తక్కువైన పలక

అవెస్తా,
1776 అక్టోబరు 6, ఆదివారం

చెల్లి మారిత్‌కి దేవుడి శాంతి కలగాలని అన్న హోకన్ రాసేది.

నేను బాగానే ఉన్నాను. మోకాలు మామూలే. నీ దగ్గు తగ్గిందా? రేవులో చన్నీళ్ళలో బట్టలు జాడించేటప్పుడు ఛాతీకి ఉన్నిగుడ్డ చుట్టుకోమని పోయినసారి రాశాను. చుట్టుకుంటున్నావో లేదో రాయలేదు.

ఈరోజు ప్రసంగం అయ్యాక పాదిరిగారు రాజుగారి ఉత్తర్వు చదివారు. కొత్త సంవత్సరం మొదటి రోజు నుంచి రాగి పలకలు డబ్బు కింద చెల్లవు. ఆలోగా తూకం కొట్టుకి తీసుకెళ్తే వాటికి బదులు కాగితమో వెండి నాణెమో ఇస్తారు. ఆ రోజు దాటాక పలక వట్టి రాగి. గిన్నె చేయించుకున్నా, తలుపుకి కొట్టుకున్నా ఎవరూ అడగరు. అంతవరకు మాత్రం పలకని కోసినా, అంచు అరగదీసినా పాత శిక్షే. ఇలా చదివారు. చెవిటివాళ్ళ కోసం రెండోసారి చదివారు.

బయటికి వచ్చాక మెట్ల మీద అందరూ నన్నే చూశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ముద్ర గదిలో పనిచేసినవాణ్ణి కదా. ఒక్కో పలకకి ఐదు దెబ్బలు. నాలుగు మూలలా నాలుగు కిరీటాలు, నడుమ విలువ. "ఏం హోకన్, నువ్వు ఇన్నాళ్ళూ పాడిన సుత్తిపాటకి ఇవాళ్టితో ఆమెన్ అన్నమాట" అన్నాడు బండి లార్స్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను. తిరిగి ఏమనాలో నాకు తోచదు. ఇంటికొచ్చాక తోస్తుంది.

తోటలో టర్నిప్పులు తవ్వేశాను. నక్క ఒకటి తిరుగుతోంది.

అసలు సంగతి రాయాలి. రెండుసార్లు కలం ముంచి పక్కన పెట్టాను. నువ్వు పట్నం కొలువుకి వెళ్ళేటప్పుడు నా దగ్గర ఉంచిన పలక, నాలుగు దాలర్లది, ఇంకా ఉంది. అది నీది కాబట్టి నీకు చెప్పాలి. రోజు దాటిపోయాక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఏం చెయ్యమంటావో రాయి.

నీ అన్న,
హోకన్ ఎర్సన్


స్టాక్‌హోమ్, దక్షిణపు గట్టు,
1776 అక్టోబరు 20

అన్నయ్యా, నీకూ శాంతే.

ఉన్నిగుడ్డ చుట్టుకుంటున్నాను. సరేనా? ఏడాదికి రెండు ఉత్తరాలు రాస్తావు, అందులో సగం నా ఛాతీ గురించే. నీ నోట్లోంచి మాట ఊడిపడాలంటే నువ్వు పలకల మీద కొట్టినట్టు ఐదు దెబ్బలు కొట్టాలేమో. చిన్నప్పుడు అమ్మ అనేది గుర్తుందా, వీడికి దేవుడు మాటలు తూచి ఇచ్చాడు, మారిత్‌కి తట్టతో పోశాడని.

ఇక్కడ బ్యాంకు ముందు రోజూ తిరునాళ్ళే. తోపుడు బళ్ళు, చేపల బుట్టలు, ఒకాయనైతే చంటిపిల్లల ఊయల నిండా పలకలు పేర్చి ఈడ్చుకొచ్చాడు. మొన్న ఒక కసాయి భార్య వీపుకి రెండు పెద్ద పలకలు కట్టుకుని వచ్చి రాళ్ళ బాట మీద కూలబడింది. ఆవిణ్ణి లేపడానికి ఇద్దరు వచ్చారు, పలకల్ని లేపడానికి ఆరుగురు. ఆవిడ అందర్నీ తిట్టిన తిట్లు నీకు రాస్తే నీ కాగితం కాలిపోతుంది.

సంగతికి వస్తాను. మా అద్దింటి యజమానురాలు ఊల్రికా తెలుసుగా. పొయ్యి పక్కన పడుకునే ముసలావిడ పోయిన వారం పోయింది. ఆ మంచం ఇప్పుడు ఖాళీ. చలికాలమంతటికీ ముందే కట్టినవాళ్ళకే ఇస్తానంటోంది. నేను తలుపు పక్కన పడుకుంటాను. తెల్లారేసరికి దుప్పటి అంచు గడ్డకట్టి కర్రలా నిలబడుతుంది. కాబట్టి పలక మార్చి, వచ్చిందేదో బండి లార్స్ చేత పంపించు. నా మీద దేవుడికి దయ ఉన్నట్టే.

ఇది రాసి, మడిచి, మళ్ళీ విప్పాను.

అన్నయ్యా, నేను నీ దగ్గర ఉంచింది ఒకే పలక. నా పెనిమిటి నదిలో పోయినప్పుడు కర్మాగారం వాళ్ళు చేతిలో పెట్టింది. దాన్ని ఎలిన్ తిండికి, బట్టకి ఇచ్చాను. నా పిల్ల అప్పటికి ఆరేళ్ళది. సెప్టెంబరు నుంచి ఈస్టరు దాకా నీ ఇంట్లో ఉంది. దానికి జబ్బు చేసింది. అంత జరిగినా పలక పలకలాగే ఉందా? దేనితో పెంచావు దాన్ని? ఊరికే అడుగుతున్నాను. నువ్వు నాకు ఎప్పుడూ రాయలేదు, అందుకని.

నీ చెల్లి,
మారిత్


అవెస్తా,
1776 నవంబరు 3

చెల్లి మారిత్‌కి అన్న రాసేది, నువ్వు క్షేమంగా ఉండాలి.

నీ ఉత్తరం అందింది. పలకని గోనెలో చుట్టి మంగళవారం తూకం కొట్టుకి తీసుకెళ్ళాను. బారు పెద్దది. నా ముందు ఎనిమిదిమంది. గుమాస్తా కొత్తవాడు, నన్ను ఎరగడు. పలకని తక్కెట్లో పెట్టి, గుండ్లు మార్చి మార్చి చూసి, "రెండు తులాలు తక్కువుంది తాతా" అన్నాడు. తిప్పి చూశాడు. "అంచులు బాగానే ఉన్నాయే. మరి రెండు తులాలూ ఎవరు తినేశారు?" అన్నాడు. వెనకాల నిలబడ్డవాళ్ళు నవ్వారు. చెడ్డవాడు కాదు. తరుగు కోసుకుని మిగతాది ఇస్తానన్నాడు.

నేను పలక తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మార్చలేదు. మార్చలేను మారిత్. ఎందుకని అడగకు.

ఈ ఉత్తరంతో కాగితం డబ్బు నాలుగు దాలర్లు పంపుతున్నాను. నావే, దాచుకున్నవి. నాకు ఖర్చులేమున్నాయి. పొయ్యి పక్క మంచం తీసుకో. తలుపు పక్కన పడుకోవద్దు.

పిల్ల దగ్గరికి నిన్న వెళ్ళాను. ఆకులు ఊడ్చాను. కొయ్య సిలువ మళ్ళీ కుళ్ళింది. కొత్తది చెక్కుతాను. కుళ్ళింది నాలుగోది.

మొదటి మంచు పడింది. నిలవలేదు.

నీ అన్న,
హోకన్


స్టాక్‌హోమ్,
1776 నవంబరు 17

హోకన్ ఎర్సన్‌కి.

నీ కాగితాలు లార్స్ చేతిలోనే తిరిగి పెట్టాను. లెక్క చూసుకో.

రెండు తులాలు తక్కువట. ఇక్కడ నీలాంటివాళ్ళని వారానికి ఇద్దర్ని పట్టుకుంటున్నారు. పలకని రాత్రిపూట ఆకురాయితో గీకి, ఆ పొడి రాగిపనివాళ్ళకి అమ్ముకునే రకం. నువ్వు అంచు ముట్టుకోలేదు, అంత తెలివితక్కువవాడివి కాదు. ముప్ఫై ఏళ్ళ పనివాడివి. ఎక్కడ గీకితే కనపడదో నీకు తెలుసు. గుమాస్తా అడగ్గానే మొహం చెల్లక వచ్చేశావు. పైగా ఎందుకని అడగకు అంటావు నాతో.

అది పోనీ. రాగి పోతే పోయింది.

ఎలిన్ నీ దగ్గరున్నప్పుడు, కొత్త సంవత్సరం అయ్యాక లార్స్ ఇక్కడికి సరుకు తోలుకొచ్చాడు. అప్పుడు కుర్రవాడు. పిల్ల ఎలా ఉందని అడిగితే, "బాగుంది అక్కా, కొంచెం చిక్కింది" అని నేల చూశాడు. నేను గుచ్చి అడగలేదు. అడిగితే వెంటనే బయల్దేరాలి, బయల్దేరితే కొలువు పోతుంది. అందుకని అడగలేదు. మార్చిలో వచ్చి, "కళ్ళు పచ్చబడ్డాయి" అన్నాడు. నేను సెలవడిగాను. పండగ బట్టలయ్యాక వెళ్ళమంది అమ్మగారు. బట్టలయ్యేసరికి నీ ఉత్తరం వచ్చింది. మూడే మాటలు. ఎలిన్ పోయింది, కామెర్లు, పాతిపెట్టాం. ఆ ఉత్తరం నా పెట్టెలో ఉంది. మూడు మాటల ఉత్తరాన్ని ఇరవై ఏడేళ్ళు చదవచ్చని నీకు తెలుసా?

ఇన్నాళ్ళూ నేను అందరితో ఏం చెప్పుకున్నానంటే, మా అన్న మూగవాడే కాని పిల్లని కంట్లో పెట్టుకుని చూశాడు, దేవుడే తీసుకున్నాడని. ఇప్పుడు తెలిసింది. పిల్ల చిక్కిపోతుంటే పలక దాచావు. పిల్ల పచ్చబడుతుంటే పలక దాచావు. క్రిస్మస్‌కి నేను పంపిన తేనె రొట్టె, అదైనా దాని నోటికి అందిందా, లేక అదీ ఎక్కడైనా దాచావా? మేనమామవి. తల్లి తరవాత తల్లివని నీకు అప్పజెప్పాను.

పాదిరిగారికి రాయాలనుకున్నాను. ఏమని రాయను? నా పిల్లకి ముద్ద పెట్టని చెయ్యి ఆదివారం ఆదివారం ఆయన ముందు చాపి ప్రభువు రొట్టె తీసుకుంటోందని రాయనా?

నువ్వు చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఒక్కసారి చెప్పు. లేకపోతే నాకు ఇక రాయకు.

మారిత్ ఎర్స్‌దోతెర్


అవెస్తా,
1776 డిసెంబరు 1

మారిత్,

చెల్లీ అని రాయవచ్చో రాయకూడదో తెలియక పేరు రాశాను.

చెబుతాను. నాకు వరస తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తేనె రొట్టె ఎలిన్ తిన్నది. చివరి ముక్క నాకు పెట్టింది. వద్దంటే నోట్లో కుక్కింది.

దాని తిండికి నా జీతం సరిపోయింది. బార్లీ జావ, ఉప్పుచేప, శనివారం పాలు. బూట్లు కుట్టించాను. పలక తియ్యాల్సిన అవసరం రాలేదు. పెళ్ళినాడు దాని చేతిలోనే పెడదామనుకున్నాను. నీకు చెప్పి నిన్ను ఆశ్చర్యపెట్టాలని కూడా అనుకున్నాను.

నువ్వు వెళ్ళిన వారమే ఎలిన్, నేనూ అడవికి వెళ్ళి ఎర్రపళ్ళు ఏరాం. రెండు బుట్టలు. అటక మెట్ల కింద తొట్టి ఉంది కదా, చలికాలమంతా నిలవ ఉండాలని అందులో పోసి నీళ్ళు పోశాను. పళ్ళు తేలితే బూజు పడతాయి, మీద బరువు ఉండాలి. అందరూ రాయి పెడతారు. నేను నీ పలక పెట్టాను. తొట్టికి సరిగ్గా సరిపోయింది. ఏడు పౌన్ల బరువు. దొంగ భయం కూడా ఉండదు, రెండు పనులూ అవుతాయి అనుకున్నాను. నా బుద్ధికి తోచి చేశాను. ఎవరూ చెప్పలేదు.

ఆ మూల నేల వాలు. తొట్టి ఒరిగి ఉండేది. పలక ఒక సగం నీళ్ళలో మునిగేది, ఇంకో సగం పైన ఆరి ఉండేది.

నాకు పులుపు పడదు, నీకు తెలుసు. నోట్లో పళ్ళు జివ్వుమంటాయి. అందుకని ఎర్రపళ్ళన్నీ ఎలిన్‌కే వదిలేశాను. రోజూ జావలో రెండు గరిటెలు వేసేవాణ్ణి. మళ్ళీ అడిగితే మళ్ళీ వేసేవాణ్ణి. అది తింటుంటే నాకు బాగుండేది. నువ్వు వచ్చేసరికి దానికి బుగ్గలు రావాలని అనుకునేవాణ్ణి.

క్రిస్మస్ ముందు ఒకరోజు గరిటె పక్కన పెట్టి, "మామయ్యా, పళ్ళు పలక రుచి వస్తున్నాయి" అంది.

నేను ఏమన్నానో రాస్తాను. "అయితే నువ్వు రాణీగారివి. రాణులే డబ్బు తింటారు" అన్నాను. అది పగలబడి నవ్వింది. గరిటె తీసుకుని మళ్ళీ తిన్నది. ఆ తరవాత రోజూ జావ ముందు కూర్చుని, "రాణీగారికి డబ్బు వడ్డించు" అనేది. నేను జన్మలో ఎవరినీ నవ్వించలేదు మారిత్. నవ్వించింది ఆ ఒక్క మాటతోనే. అందుకని నాకు గర్వంగా ఉండేది.

గుమాస్తా ఎవరు తినేశారని అడిగినప్పుడు అందుకే వచ్చేశాను.

జనవరిలో కడుపునొప్పి మొదలైంది. వాంతులు. తగ్గేది, మళ్ళీ వచ్చేది. మార్చిలో కళ్ళు పచ్చబడ్డాయి. మంగలి వైద్యుణ్ణి పిలిచాను. కామెర్లు అన్నాడు. జావ మానేసి పుల్లటి పళ్ళరసం తాగించమన్నాడు. ఇంట్లో పళ్ళరసం ఉంది కదా. తాగించాను. కూర్చోబెట్టి నేనే తాగించాను.

గురువారం పొద్దున్న పోయింది. చెయ్యి నా చేతిలో ఉంది. నిన్ను అడిగింది. వస్తోంది, బండిలో ఉంది అని చెప్పాను.

తొట్టి మే నెలలో కడిగాను. పలక తీస్తే మునిగిన సగం ఆకుపచ్చగా మెత్తగా ఉంది. అప్పుడు కూడా నాకు తట్టలేదు. మేం రాగిలో బతికినవాళ్ళం. ముద్ర గదిలో మా జుట్టు అంచులు పచ్చబడేవి, గోళ్ళు పచ్చబడేవి, అవే చేతులతో రొట్టె తినేవాళ్ళం. నాకు ఒక్కరోజు కడుపునొప్పి రాలేదు. రాగి అంటే నాకు భయం లేదు. ఉండాల్సింది.

ఆ వేసవిలో గిన్నెలకి కళాయి పూసేవాడు వచ్చాడు. అరుగు మీద ఆరబెట్టిన పలక చూసి, "ఇదేమిటి, పులుపులో వేశావా?" అన్నాడు. అవునన్నాను. "ఆ పులుపు ఎవరూ తినలేదు కదా? వంటింట్లో రాగికి కళాయి ఎందుకు పూస్తారనుకున్నావు? పులుపు తగిలితే రాగి విషం కక్కుతుంది. పంది కూడా చస్తుంది" అన్నాడు. ఆడవాళ్ళందరికీ తెలుసట. ఇంట్లో ఆడమనిషి లేదు. నేను అతనికి మంచినీళ్ళు ఇచ్చి పంపించేశాను.

సబ్బుబూడిదతో తోమితే పచ్చ పోయింది. కింద రాగి గుంటలు గుంటలుగా ఉంది. నేను గీకలేదు మారిత్. ఆ రెండు తులాలూ ఎక్కడికి పోయాయో నాకు తెలుసు.

అందుకని మార్చలేను. కొలిమిలో వేసి దాన్ని ఇంకెవరి చేతికో పంపలేను. నీకు రాద్దామని ఆ వేసవిలోనే కూర్చున్నాను. ఇప్పటికి రాశాను.

పాదిరిగారికి రాయాలనిపిస్తే రాయి. సరైనదే అవుతుంది.

హోకన్


స్టాక్‌హోమ్,
1776 డిసెంబరు 15

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. మొదటి మూడు రోజులు నేను రేవుకి వెళ్ళలేదు. ఊల్రికా వచ్చి, "ఏం, చచ్చావా? చస్తే చెప్పు, తలుపు పక్క చోటు కూడా అడిగేవాళ్ళున్నారు" అంది. లేచి పనికి వెళ్ళాను. బట్టలు జాడిస్తూ ఆలోచించాను. నాకు ఆలోచన చేతులు ఆడితేనే వస్తుంది.

నువ్వు రాసింది చదివి మొదట నిన్ను శపించాను. రాయకుండా ఎందుకు దాచాలి. ఇరవై ఏడేళ్ళలో రెండుసార్లు వచ్చాను మీ ఊరు. పిల్ల దగ్గర పక్కపక్కనే నిలబడ్డాం. గాలి బాగా వీస్తోంది అన్నావు నువ్వు.

తరవాత నాలుగోసారో ఐదోసారో చదువుతుంటే ఒకచోట ఆగాను. నువ్వు ఒక అబద్ధం ఆడావు. ఉత్తరమంతటిలో ఒక్కటే.

"నా బుద్ధికి తోచి చేశాను. ఎవరూ చెప్పలేదు" అని రాశావు.

నేను వెళ్ళిన రోజు లార్స్ బండి గుమ్మంలో ఉంది. మూట ఎక్కించేశాను. ఎలిన్ నీ వేలు పట్టుకుని నిలబడింది. ఏడవకూడదని దానికి చెప్పి ఉంచాను, పెదవి కొరుక్కుంటోంది. నువ్వు పలకని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, నీళ్ళ బిందె ఎత్తుకున్న కొత్తకోడల్లా నిలబడ్డావు. "ఇది ఎక్కడ పెట్టను మారిత్? ఇంటికి తాళం లేదు" అన్నావు. పిల్ల నవ్వాలి, నేను బండెక్కాలి. అందుకని, "ఎర్రపళ్ళ తొట్టిలో పడెయ్. నీ చేతి పులుపులో దొంగవెధవ కూడా చెయ్యి పెట్టడు" అన్నాను. లార్స్ నవ్వాడు. ఎలిన్ నవ్వింది. నేను ఏడుస్తూ నవ్వాను. బండి కదిలింది.

నేను మర్చిపోయాను అనుకున్నావు కదా. మర్చిపోలేదు. దాని నవ్వుల్లో నేను చూసిన ఆఖరిది అదే. ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్క లేదు. నవ్వు ఒక్కటే తలుచుకున్నాను, ఆ మాట ఏమిటో దాని జోలికి పోలేదు.

నువ్వు నేను చెప్పింది చేశావు. ఎప్పుడూ అంతే కదా నువ్వు. వంటింటి సంగతి ఆడది చెప్పింది, సరే అనుకున్నావు. నాకు తెలిసుండాలి. కళాయి లేని రాగిలో మజ్జిగ కూడా పొయ్యకూడదని అమ్మ నాకు చెప్పింది, నీకు కాదు. వేళాకోళంలో నాకు అది తట్టలేదు. వెళ్ళిపోయే తల్లి ఒక పలక, ఒక మాట వదిలి వెళ్ళింది. నువ్వు రెండూ దాచావు. మాటని కాగితం మీద కూడా పెట్టలేదు. నేను నిన్ను ముద్ద పెట్టని చెయ్యి అన్నా పెట్టలేదు.

నా ఆ కోపం ఉత్తరం పొయ్యిలో వేసెయ్. వెయ్యవు, నాకు తెలుసు. అడగడం నా వంతు.

ఇప్పుడు పలక గురించి. సిలువకి బదులు పిల్ల దగ్గర నిలబెట్టమందామా అని ఒక్క క్షణం అనుకున్నాను. రాగి కుళ్ళదు కదా. వద్దు. దాని బరువు మోసింది చాలు ఆ పిల్ల. మార్చనూ వద్దు. కొత్త సంవత్సరం రానీ. ఆ రోజు దాటాక అది డబ్బు కాదు, కోసినా ఎవరూ అడగరని నువ్వే రాశావు. అప్పుడు సగానికి కోయించు. ఒక సగం నాకు పంపు. మునిగిన సగం నాకు పంపు అన్నయ్యా. మాట నాది. అది నా దగ్గర ఉండాలి.

పొయ్యి పక్క మంచం వేరే ఆవిడకి ఇచ్చేసింది ఊల్రికా. ఆవిడ గురక ఇంటి కప్పు లేపుతుంది. తలుపు పక్కనే నయం.

సిలువ నాలుగోది అన్నావు. మిగతా మూడూ ఎప్పుడు చేశావో నాకు తెలియనే తెలియదు.

నీ చెల్లి,
మారిత్


అవెస్తా,
1777 జనవరి 12

చెల్లి మారిత్‌కి అన్న హోకన్ రాసేది.

నీ కోపం ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. బైబిల్లో పెట్టాను. మొన్న వచ్చిన ఉత్తరం కూడా పక్కనే ఉంది.

కొత్త సంవత్సరం రోజు చర్చి గంటలు అయ్యాక కూడా రెండు రోజులు ఆగాను. శనివారం సుత్తిశాలకి వెళ్ళాను. పెద్ద కత్తెర అక్కడే ఉంది. పనివాళ్ళు నన్ను గుర్తుపట్టారు. "ముద్ర కొట్టిన చెయ్యి, కొయ్యడానికి వస్తుందా?" అన్నాడు పాత నేస్తుడొకడు. ఇప్పుడిది రాగే కదా అన్నాను. అంత జవాబు నేను చెప్పేసరికి అతను టోపీ తీసి గోడకి ఆనుకున్నాడు. నేనే కోశాను. నడుమ విలువ ముద్ర ఉండేచోట రెండుగా తెగింది. ఎంత విలువో ఇప్పుడు ఏ సగంలోనూ చదవడానికి రాదు.

లార్స్ మంచు గట్టిపడ్డాక సోమవారం బయల్దేరుతున్నాడు. ఇప్పుడు బండి అతని కొడుకు తోలుతాడు, ఇతను పక్కన కూర్చుని అరుస్తాడు. నీ సగం గోనెలో కుట్టి అతనికి ఇచ్చాను. ఆ రోజు గుమ్మంలో ఏం జరిగిందో గుర్తుందా అని అడిగాను. "పిల్ల నవ్వింది" అన్నాడు. ఇంకేమీ గుర్తులేదట.

ఐదో సిలువకి కర్ర చూశాను. ఈసారి దేవదారు కాదు, ఓక్. దాని పేరు నేను కాల్చి రాస్తే వంకరగా వస్తోంది. నీ అక్షరం బాగుంటుంది. దారులు ఆరాక రా. వచ్చి రాయి. ఇక్కడ పొయ్యి పక్క మంచానికి ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. నేను తలుపు పక్కకి మారతాను.

ఇంకొక్కటి. గోనె విప్పాక నీకు తెలుస్తుంది కాబట్టి ముందే రాస్తున్నాను. రెండు సగాలూ ఇంటి తక్కెట్లో వేసి చూశాను. నీ సగం రెండు తులాలు బరువెక్కువ. రెండు మూలల కిరీటాలూ చెక్కుచెదరలేదు. మునిగిన సగం పంపమన్నావు. నువ్వు చెప్పిన మాట నేను విననిది ఇదొక్కటే చెల్లీ. అది నా దగ్గరే ఉంటుంది. నాకు అలవాటైంది.

ఉన్నిగుడ్డ చుట్టుకో.

నీ అన్న,
హోకన్